ఐదో నంబరు

మూడో రోజు మధ్యాహ్నానికి ఆ హాల్లో ఎవరి మొహంలోనూ కళ లేదు. ఐదు దేశాల ఎలర్జీ డాక్టర్ల సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే ఒక్క కాగితం గురించి మూడు రోజులుగా మాట్లాడుతున్నాయి. కాగితం ఒక పేజీ. పేజీలో ఆరు వాక్యాలు. ఇంత చిన్న కాగితానికి ఇన్ని మంచినీళ్ళ సీసాలు ఖాళీ అవుతాయని టీచరమ్మ ఎన్నడూ అనుకోలేదు.

వెనకాల అద్దాల గదిలో కూర్చున్న అనువాదకురాలి గొంతు నిన్నటికే బొంగురుపోయింది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా, చిరాకు పడినా, చమత్కారం ఆడినా, టీచరమ్మ చెవిలోకి వచ్చేది ఆ ఒక్క బొంగురు గొంతే. ఐదు దేశాలూ ఒకే మనిషై పోట్లాడుకుంటున్నట్టు ఉండేది.

ఆమె కుర్చీ బల్లకు ఒక కొసన ఉంది. ముందున్న అట్టముక్క మీద ‘బాధిత కుటుంబాల తరఫున’ అని రాసి ఉంది. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన చెయ్యి కదా, మొదటి రోజు ఆ అట్టలో తప్పేమైనా ఉందా అని వెతికింది. ఏమీ లేదు. అట్టముక్కకు అంతకు మించి ఏం తెలుస్తుందిలే అనుకుని ఊరుకుంది.

ఎలర్జీ ఉన్న పిల్లకు స్కూల్లో ఉన్నట్టుండి ప్రాణం మీదికి వస్తే పక్కనున్న పెద్దవాళ్ళు ఏం చెయ్యాలి అన్నదే ఆ కాగితంలోని సంగతి. ఒకప్పుడు ఏ దేశం మాట ఆ దేశానిదిగా ఉండేది. పని కోసం పిల్లాపాపలతో సరిహద్దు దాటి తిరిగేవాళ్ళకు ఇటు స్కూల్లో ఒక మాట, అటు స్కూల్లో ఇంకో మాట. ఎనిమిదేళ్ళ కిందట ఐదు సంఘాలూ కలిసి అందరికీ ఒకే కాగితం తయారుచేశాయి. అది ఐదు దేశాల్లోనూ స్కూలు ఆఫీసుల బీరువా తలుపులకు అంటుకుని ఉంది. ఇప్పుడు దాన్ని సవరిస్తున్నారు. ఈ సాయంత్రం సంతకాలు. ఆ తర్వాత ఐదేళ్ళ దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. స్కూళ్ళు తెరవడానికి ఇంకా ఆరు వారాలే ఉన్నాయి.

టీచరమ్మ వచ్చింది ఒక్క పని మీద. ఆ కాగితంలో ఐదో నంబరు వాక్యం ఒకటో నంబరులోకి రావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. ‘తగ్గకపోతే తొడ పక్కభాగంలో ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి.’

ఉడుత ఆమె చెల్లెలి కూతురు. ఆమె క్లాసులోనే, మూడో తరగతి. అసలు పేరు హాజరు పట్టీ వరకే. అరిగిపోయిన పెన్సిలు ముక్కలన్నీ ఏరుకొచ్చి సంచి అడుగున దాచుకునేది కాబట్టి అందరి నోటా ఉడుతే. క్లాసులో టీచర్ అనాలి, ఇంట్లో పెద్దమ్మా అనాలి అని నేర్పితే, ఏది ఎక్కడో గుర్తుండక రెండూ కలిపేసి ‘టీచర్ పెద్దమ్మా’ అని పిలిచి క్లాసునంతా నవ్వించేది. ఆ పిల్లకు తేనెటీగ పడదని ఒకసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు తెలిసింది. పెన్నులా ఉండే ఇంజెక్షన్ ఒకటి డాక్టరు రాసిచ్చారు. దాన్ని స్కూలు ఆఫీసు బీరువాలో, కాగితం అంటించిన తలుపు వెనకే పెట్టారు.

పదకొండు నెలల కిందట ఆటల పీరియడులో ఉడుతను తేనెటీగ కుట్టింది.

టీచరమ్మ కంగారు పడలేదు. తర్వాత్తర్వాత ఆమె అన్నిటికన్నా ఎక్కువగా కుమిలిపోయింది దాని గురించే. కంగారు పడి ఉంటే ముందు చేతికి తగిలినదే వాడేదేమో. బీరువా తెరిచి, కాగితం చూసుకుంటూ, నల్లబల్ల మీద లెక్క చేసినట్టు ఒక్కొక్క మెట్టే చేసుకుంటూ పోయింది. ఒకటి, ముల్లు తీసి చల్లని నీళ్ళతో కడగాలి. ఉడుతను చెయ్యి పట్టుకుని కుళాయి దాకా నడిపించింది. రెండు, దురద తగ్గే మాత్ర ఇవ్వాలి. ఇచ్చింది. మూడు, ఆయాసం ఉంటే పీల్చే మందు. రెండుసార్లు పీల్పించింది. నాలుగు, తల్లిదండ్రులకు తెలియజేయాలి. ఐదు.

ఐదు దగ్గరికి వచ్చేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంజెక్షన్ ఇచ్చింది. ఆరు, అంబులెన్సును పిలవాలి. పిలిచింది.

‘నంబర్లు వేసి ఉన్నాయంటే వరస తప్పకూడదు.’ ఏటా కొత్త క్లాసుకు ఆమె చెప్పే మొదటి మాట అది.

నాలుగో నంబరు దగ్గర ఏం జరిగిందో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉడుత తండ్రి గూడ్సు రైలు గార్డు, ఆ పూట ఏ స్టేషన్ల మధ్య ఉన్నాడో తెలియదు. చెల్లెలు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే కౌంటరులో పనిచేస్తుంది. కౌంటరులో ఉన్నంతసేపూ సొంత ఫోను సొరుగులో పెట్టాల్సిందే. అందుకని స్కూలుకు ఇచ్చింది కౌంటరు నంబరే. టీచరమ్మ ఆ నంబరుకు చేసింది. ఎంగేజ్. నాలుగు పూర్తికాకుండా ఐదుకు ఎలా వెళ్ళడం అని మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. మూడుసార్లూ ఎంగేజే. ఆ నిమిషాలు ఎక్కడికి పోయాయో లోకంలో తనొక్కదానికే తెలుసు. చెల్లెలి చెవిన పడనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకుంది. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి నెత్తిన ఆ బరువు కూడా పెట్టడం ఎందుకు?

ఒంటిగంటకు ఫోను మోగింది. చెల్లెలికి భోజనాల వేళ.

“తిన్నావా అక్కా?”

“తింటున్నా. నువ్వో?”

“అయింది. ఏమంటున్నారు మీవాళ్ళు?”

“మన దాకా ఇంకా రాలేదమ్మా. నిన్న పొద్దంతా చల్లని నీళ్ళు అనాలా, శుభ్రమైన నీళ్ళు అనాలా అని తెగ కొట్టుకున్నారు.”

“నీళ్ళ గొడవే కావాలంటే మా కౌంటరుకి రమ్మను. రోజంతా అదే భాగోతం.”

టీచరమ్మకు నవ్వొచ్చింది. చెల్లెలి నోట వెటకారం విని ఎన్నాళ్ళయిందో.

“నీ క్లాసయితే ఈపాటికి అందర్నీ బెంచీ ఎక్కించేదానివి” అంది చెల్లెలు.

“పెద్ద పెద్ద డాక్టర్లే వీళ్ళు.”

“అయితే ఏంటంట? బెంచీ విరుగుతుందా?”

తర్వాత ఏమొస్తుందో టీచరమ్మకు తెలుసు. పదకొండు నెలలుగా రోజూ వచ్చేదే.

“అక్కా, ఆ ఇంజెక్షను ముందే ఎందుకు వెయ్యలేదు?”

కోపంగా అడగదు. వీధి తలుపు గడియ పెట్టావా అని అడిగినట్టు అడుగుతుంది.

“కాగితంలో అది ఐదోది కదమ్మా. నాలుగయ్యాక ఐదు.”

“ఊఁ. నాలుగయ్యాక” అని చెల్లెలు ఫోను పెట్టేసింది.

మూడింటికి టీ ఇచ్చారు. గోడవారగా నిలబడి ఉన్న టీచరమ్మ దగ్గరికి కార్యదర్శి వచ్చాడు. ఐదు సంఘాల ఉమ్మడి వ్యవహారాలన్నీ చూసేది ఆయనే. సొంత దేశపు మనిషి కాబట్టి ఆయనతో మాట్లాడటానికి చెవిలో గొంతు అక్కర్లేదు. ఈ సమావేశాల్లో కూర్చుని కూర్చుని సగం జుట్టు రాలిపోయిందని చెప్పుకుంటాడు. మిగతా సగం వచ్చే సమావేశానికి అట్టే పెట్టాడట.

“ఏమ్మా టీచరమ్మా, మా క్లాసు ఎలా ఉంది?”

“అల్లరి లేదండీ. ధ్యాస కూడా లేదు.”

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి ఆమె అడిగింది.

“ఒక సందేహమండీ. ఇంజెక్షన్ ఐదో నంబరులో ఎందుకుంది? నేను దొరికిన పుస్తకమల్లా చదివాను. మాత్ర పనిచేస్తుందేమో చూద్దామనా? పిల్లల గుండెకు మంచిది కాదనా? వైద్యంలో దానికి కారణం ఏమిటి?”

“కారణమా!” కార్యదర్శి బిస్కెట్టు టీలో ముంచాడు. “వైద్యం లేదు, గీద్యం లేదమ్మా. సీనియారిటీ.”

“అంటే?”

“ఐదు సంఘాలు, ఒక్కోటి ఒక్కో వాక్యం తెచ్చింది. ఎవరిది ముందు పెట్టాలీ అంటే ఒక్కళ్ళూ తగ్గరే! నాలుగు నెలలు అదే పంచాయితీ. చివరికి అందర్నీ ఈ బల్ల దగ్గరికి చేర్చిన మా పెద్దాయనే తేల్చాడు. ఏ సంఘం ముందు పుట్టిందో దాని వాక్యం ముందు. ఆయన సంఘం అందరికన్నా పాతది, మొదట్లో చర్మం డాక్టర్లు పెట్టుకున్నది. అందుకే ముల్లు తియ్యడం, కడగడం ఒకటో నంబరు. మన దేశం సంఘం అందరికన్నా చిన్నది, మనం తెచ్చింది ఇంజెక్షను. మన వంతు ఐదు. అంబులెన్సు ఎవరిదీ కాదు గనక ఆఖర్న పడింది. ఆ ఒకటీ రెండూ అన్నీ మర్యాదల కోసం వేసినవమ్మా. డాక్టర్లం ఎవరం అలా చదవం. అలాంటి కేసు కంటపడితే ముందు ఇచ్చేది ఇంజెక్షనే కదా, అందరికీ తెలిసిందే కదా...”

ఆయన నాలుక కరుచుకున్నాడు. బిస్కెట్టు మెత్తబడి టీలో జారిపోయింది.

టీచరమ్మ కప్పును సాసరులో సరిగ్గా మధ్యకు, చప్పుడు కాకుండా పెట్టింది.

“నాకు తెలియదండీ” అంది.

చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. కాసేపు వాటిని చూస్తూ నిలబడి మళ్ళీ కట్టేసింది. పదకొండు నెలలుగా ఆమె ఒక కారణం కోసం వెతుకుతోంది. పెద్ద కారణం, తనలాంటి వాళ్ళకు అందనిది, తల వంచుకుని ఒప్పుకోదగినది. తప్పుడు కారణమైనా ఒప్పుకునేది. ఇలా ఏ కారణమూ లేకపోవడం ఒకటి ఉంటుందని ఆమెకు తోచలేదు. అద్దంలో మొహం చూసుకుంది. పరీక్ష రోజున ఇన్విజిలేషనుకు వెళ్ళే మొహంలాగే ఉంది. అంతే చాలనుకుని బయటికి వచ్చింది.

చివరి సభకు పెద్దాయనే అధ్యక్షుడు. డెబ్బై దాటిన మనిషి, ఎవరి మాటకూ అడ్డురాడు, ఎవరి మీదా గొంతెత్తడు. బల్ల కింద ఆయన బూట్లు విప్పేసుకుని వాచిన పాదాలు చల్లటి నేలకు ఆనించడం టీచరమ్మ కూర్చున్న చోటునుంచి కనిపిస్తోంది. ఆయన ఆమె వైపు తిరిగి ఏదో అన్నాడు. బాధిత కుటుంబాల తరఫున వచ్చినవారు అయిదు నిమిషాలు మాట్లాడవచ్చు అని చెవిలో బొంగురు గొంతు చెప్పింది.

ఆమెకు అయిదు నిమిషాలు పట్టలేదు. “ఐదో వాక్యం ఒకటోది చెయ్యండి. దాని మొదట్లో ఉన్న ‘తగ్గకపోతే’ అన్న మాట తీసెయ్యండి” అంది.

రెండో సంఘం తరఫున కూర్చున్న కళ్ళద్దాలాయన వెంటనే చెయ్యెత్తాడు. ఎనిమిదేళ్ళ కిందట కుదిరిన వరస ఇది అన్నాడు. ఇప్పుడు ఒక వాక్యాన్ని కదిపితే మిగతా నాలుగూ కదులుతాయి, ప్రతి సంఘమూ ఇంటికెళ్ళి తన కార్యవర్గాన్ని అడిగి రావాలి, ఈ ఏడాది కాగితమే బయటికి రాదు, బాధ్యత ఎవరిది అని అడిగాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

“పోనీ నంబర్లు తీసేద్దాం” అన్నాడు కార్యదర్శి. టీ దగ్గర్నుంచి ఆయన ఆమె కళ్ళలోకి చూడటం లేదు. “చుక్కలు పెడదాం. అప్పుడు ముందూ వెనకా అన్న మాటే రాదు.”

“చుక్కలు పెట్టినా మేం పైనుంచి కిందికే చదువుతామండీ” అంది టీచరమ్మ. “పిల్లలకు చదవడం అలాగే నేర్పుతాం.”

పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. ఈ ఐదు సంఘాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికే తనకు నాలుగేళ్ళు పట్టిందని చెప్పాడు. ఒక దేశంలో ఈ ఇంజెక్షన్లు దొరకని ఏడాది పక్క దేశం పెట్టెలకు పెట్టెలు పంపింది. ఒకచోట తెలుసుకున్నది అన్నిచోట్లా చెప్పుకుంటున్నారు. వరస గురించి మళ్ళీ తగాదా మొదలై బల్ల దగ్గర్నుంచి ఒకరు లేచిపోతే ఇవన్నీ ఆగిపోతాయి. మీ దుఃఖం నాకు అర్థం కాక కాదమ్మా అన్నాడు. ‘అమ్మా’ అన్నది ఆయనన్నాడో అనువాదకురాలే చేర్చిందో టీచరమ్మకు తెలియలేదు.

ఆయన చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేదో అనుకుంది ఆమె. ఎదుటివాళ్ళు మంచివాళ్ళయి, అలసిపోయి ఉన్నప్పుడు పోట్లాడటం ఎంత కష్టమో ఇరవై ఆరేళ్ళ స్టాఫ్ మీటింగుల్లో చూసింది. అయినా బీరువా తలుపు ఒకటి కాదు, వేలు. ఒక్కో తలుపు ముందు కంగారు పడని టీచరు ఒకరు నిలబడి ఉన్నట్టు ఆమెకు కనిపించింది.

“ఒక చిన్న స్లిప్ టెస్టు పెట్టుకోవచ్చాండీ?” అని అడిగింది.

అద్దాల గదిలో గొంతు తడబడింది. ఆ మాటను ఎలా చెప్పిందో గానీ బల్ల చుట్టూ ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన తల ఊపాడు.

టీచరమ్మ తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, మడత మీద గోరుతో గీసి ఐదు ముక్కలు చేసింది. ఒక్కో సంఘం పెద్దకు ఒక్కోటి ఇచ్చుకుంటూ బల్ల చుట్టూ తిరిగింది.

“మీ మనవరాలో, మేనకోడలో అనుకోండి. తేనెటీగ కుట్టింది. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుంటోంది. బీరువాలో అన్ని మందులూ ఉన్నాయి. మీరు చేసే మొదటి పని ఒక్కటే రాయండి. పేర్లు వెయ్యక్కర్లేదు. పక్కవాళ్ళది చూడకూడదు.”

ఆ చివరి మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. అయినా కళ్ళద్దాలాయన తన కాగితానికి ఎడం చెయ్యి అడ్డం పెట్టుకునే రాశాడు. ఆమె ఎవరినీ తొందర పెట్టలేదు. అందరూ కలాలు కింద పెట్టాక కుడివైపు నుంచి ఏరుకుంటూ వచ్చింది. కానీ ఒక్కటి తప్ప అవి ఆమెకు చదవరావు, ఒక్కోటి ఒక్కో భాషలో ఉంది. అద్దాల గది వైపు చూసింది.

అనువాదకురాలు మూడు రోజుల్లో మొదటిసారి ఆ గదిలోంచి బయటికి వచ్చింది. సన్నగా, పొట్టిగా, మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉంది. చీటీలు తీసుకుని ఒక్కోటీ ముందు రాసినవాళ్ళ భాషలో, వెంటనే టీచరమ్మ భాషలో చదివింది.

“ఇంజెక్షన్.”

“ఇంజెక్షన్, తొడకి.”

“ఇంజెక్షన్.”

“ఇంజెక్షన్. ఇదేం ప్రశ్న?”

అయిదోది చదవబోయి ఆగి గొంతు సవరించుకుంది. “ఇంజెక్షన్. వెంటనే.”

ఎవరూ నవ్వలేదు.

“అందరికీ పూర్తి మార్కులండీ” అంది టీచరమ్మ. కుర్చీలో కూర్చుని చీటీలను దొంతిగా సర్దింది. “మీ అందరికీ తెలుసు. తెలియంది నాకొక్కదానికే. కానీ ఈ కాగితం మీకోసం రాసుకున్నది కాదు. నాలాంటి వాళ్ళ కోసం రాసింది.”

ఆమె గొంతు పెంచలేదు. అయినా చెవుల్లో యంత్రాలు పెట్టుకున్న వాళ్ళంతా వాటిని ఒకసారి సర్దుకున్నారు. అనువాదకురాలు గదిలోకి వెళ్ళలేదు. అక్కడే నిలబడి ఆ రెండు మాటలూ నెమ్మదిగా నాలుగు భాషల్లోనూ చెప్పింది.

“అదంతా సరేనండీ” అన్నాడు కళ్ళద్దాలాయన చివరికి. ఇప్పుడు ఆయన గొంతులో పస లేదు. “అందరికన్నా చిన్న సంఘం వాక్యం అందరికన్నా పైన ఉంటే మావాళ్ళు నన్ను ఇంట్లోకి రానివ్వరు.”

అప్పుడు మాట్లాడింది డాక్టరమ్మ. ఆ అందరికన్నా చిన్న సంఘానికి అధ్యక్షురాలు ఆవిడే. టీచరమ్మను ఈ సమావేశానికి పిలిపించిందీ ఆవిడే. మూడు రోజులుగా పెద్దగా నోరు విప్పలేదు.

“అది మా వాక్యం కాదనుకోండి. పెద్దాయన సంఘం పేరు మీద రాసుకోండి. ముల్లు మాకిచ్చెయ్యండి. ముల్లూ నీళ్ళూ ఇక మావి. మావాళ్ళకు నేను చెప్పుకుంటాను.”

“డాక్టరమ్మా, ఆ వాక్యం కోసమే కదా మీరు అప్పట్లో...” అని కార్యదర్శి ఏదో అనబోయాడు.

“అవును. అప్పుడు నేను ఇదే కుర్చీలో ఉన్నాను” అంది ఆవిడ. ఆ మాట ఆయనతో కాదు, టీచరమ్మతో చెబుతోంది. “ఐదోదైతే ఏం, కాగితంలోకి ఎక్కింది చాలనుకున్నాను. సంతోషపడ్డాను కూడానండీ. ఇంటికెళ్ళి మా ఇంట్లో అందరికీ చెప్పాను.”

టీచరమ్మ ముందున్న చీటీల దొంతిని మళ్ళీ ఒకసారి సర్దింది.

పెద్దాయన కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం తీసి ఐదో వాక్యం చుట్టూ గీత గీసి, ఒకటో వాక్యం పైదాకా బాణం వేశాడు. ‘తగ్గకపోతే’ను కొట్టేశాడు. దాని బదులు ఆయన రాసిన మాటను అనువాదకురాలు ‘వెంటనే’ అని చదివింది. ఆ అయిదో చీటీ ఎవరిదో టీచరమ్మకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. మూడు రోజుల్లో కానిది ముప్పావుగంటలో అయింది. అంబులెన్సు రెండోది. “పిల్లను పడుకోబెట్టాలి, నడిపించకూడదు అని ఒకటి చేర్చండి” అంది టీచరమ్మ. ఎందుకని ఎవరూ అడగలేదు. అది ఎవరి పేరు మీదా లేకుండా మూడోది అయింది. తర్వాత ముల్లు, మాత్ర, పీల్చే మందు.

“తల్లిదండ్రులకు తెలియజేయడం ఏడోదా?” అని కార్యదర్శి కలం ఎత్తి ఆగాడు. “మరీ అట్టడుక్కి పోయింది. తల్లులు ఊరుకుంటారా?”

“ఊరుకుంటారండీ” అంది టీచరమ్మ.

సంతకాలు సంఘాలు పుట్టిన వరసలోనే పెట్టారు. చప్పట్లు లేవు. సగంమంది అప్పటికే రైళ్ళ కోసం, విమానాల కోసం గడియారాలు చూసుకుంటున్నారు. పెద్దాయన బూట్లు తొడుక్కుని ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె అప్పటికే చెవి యంత్రం అప్పగించేసింది. అనువాదకురాలు వెళ్ళిపోయింది. ఆయన తన భాషలోనే ఒక వాక్యం, కాస్త పొడుగైనదే, నెమ్మదిగా చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

“మంచిదండీ. వెళ్ళి రండి” అంది ఆమె తన భాషలో. ఆయన తల ఊపి, కుంటుకుంటూ వెళ్ళాడు.

బస్సు స్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. ఎండ ఇంకా పోలేదు. టీచరమ్మ కొత్త కాగితాన్ని ఒళ్ళో పరిచి, ఫోనుతో ఫొటో తీసి చెల్లెలికి పంపింది. కాళ్ళు పీకుతున్నాయి. గెలిచినట్టు ఏమీ లేదు. జ్వరం దిగిన మర్నాడు మంచం మీద కూర్చున్నట్టు ఉంది.

ఫోను మోగింది.

“ఇప్పుడే డ్యూటీ దిగాను. చూశానక్కా.”

“ఒకటో నంబరు చూశావా?”

“చూశాను. ఏడోది కూడా చూశాను. మమ్మల్ని ఆఖరికి ఎందుకు నెట్టావు?”

జవాబు ముందే అనుకుని పెట్టుకుంది టీచరమ్మ. ముందు వైద్యం, తర్వాత కబురు. మంచి జవాబే. కానీ ఆ మాట నోట్లోకి వచ్చాక బయటికి రాలేదు. ఎందుకుంది అని అడిగితే మర్యాదల కోసం అని చెప్పే జవాబు ఒకటి ఇవాళ విన్నది. అలాంటిదే ఇంకోటి చెప్పడం తన వల్ల కాదు.

“ఫోను కలవకపోవచ్చు కదమ్మా” అంది.

“ఆ రోజు కలవలేదా?”

బస్సు ఒకటి వచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు. డ్రైవరు ఆమె వైపు చూసి, ఎక్కదని తెలుసుకుని వెళ్ళిపోయాడు.

“మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఎంగేజే.”

చెల్లెలు ఏడవలేదు.

“నాకు తెలుసక్కా” అంది.

“ఏం తెలుసు?”

“ఆ కాగితం నాకూ నోటికొచ్చు. నాలుగోది మేమే కదా. మా కౌంటరు పుస్తకంలో ప్రతి ఫోనూ రాస్తాం, ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి అయింది. కర్మలయ్యాక డ్యూటీలో చేరిన రోజే ఆ పేజీ తీసి చూశాను. ఎవరో ఒకాయన, కుళాయిలో బురద నీళ్ళు వస్తున్నాయని. పదకొండు నిమిషాలు. ఆయన్ని సముదాయిస్తూ కూర్చున్నాను నేను.”

టీచరమ్మ ఒళ్ళో కాగితాన్ని చేత్తో అదిమి పట్టుకుంది. గాలి లేదు. అయినా పట్టుకుంది.

“మరి రోజూ నన్ను అడిగావు కదే, ముందే ఎందుకు వెయ్యలేదని.”

“నువ్వు చెప్తావేమోనని. ఒక్క రోజైనా చెప్తావేమోనని. నాది కూడా నువ్వే మోసుకు తిరుగుతుంటే ఎన్నాళ్ళు చూస్తూ ఊరుకోను?”

“నీది కాదమ్మా అది.”

“నీదీ కాదు. మరి ఎవరిదక్కా?”

పెద్దాయన వాచిన పాదాలు, టీలో పడ్డ బిస్కెట్టు, సంతోషంగా ఇంటికెళ్ళి అందరికీ చెప్పుకున్న డాక్టరమ్మ ఆమె కళ్ళ ముందు మెదిలారు.

“ఇంటికొచ్చాక చెప్తాను. ఫోనులో చెప్తే నమ్మవు.”

“దాచవుగా?”

“దాచను.”

“సరే.” చెల్లెలు ముక్కు చీదిన చప్పుడు. వెనకాల కౌంటరు ఫోను మోగుతోంది. ఎవరో అందుకున్నారు. “అక్కా, రేపు ఒంటిగంటకి చేస్తాను గానీ, ఏం అడగాలో తెలీట్లేదు నాకు.”

“తిన్నావా అని అడుగు.”

“అది రోజూ అడిగేదేగా.”

“అదే అడుగు” అంది టీచరమ్మ.